మిగిలిన మందు ఎవరిది? ట్రాస్టుజుమాబ్ 440 వయల్‌పై ఒక ఫార్మసీ కేస్ స్టడీ

రొమ్ము క్యాన్సర్‌కి వాడే ట్రాస్టుజుమాబ్ 440 మి.గ్రా. వయల్ (మందు సీసా) తెరిచి 55 కిలోల మనిషికి మూడు వారాల డోసు ఇస్తే, వయల్‌లో ఇంకా నాలుగో వంతు మందు ఉంటుంది. డబ్బు కట్టింది పేషెంటు, మందున్నది ఆసుపత్రి ఫ్రిజ్‌లో. ఆ నాలుగో వంతు ఎవరిది? స్టాకిస్ట్ ఎంత డిస్కౌంట్ ఇస్తాడన్న దాని మీద మా కొనుగోళ్ల మీటింగుల్లో గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ ఎత్తరు. నా అనుభవంలో ఖరీదైన క్యాన్సర్ మందుల మీద డబ్బు ఎక్కువగా జారిపోయేది మూత తీశాకే.

నేను కోస్తాలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో క్యాన్సర్ డే కేర్‌కి ఫార్మసీ చూస్తాను. మాకు మూడు రకాల పేషెంట్లు వస్తారు: ఆరోగ్యశ్రీ వాళ్లు (ఇప్పుడు ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, కౌంటర్ దగ్గర మాత్రం అందరికీ ఆరోగ్యశ్రీయే), ఇన్సూరెన్స్ లేదా ఉద్యోగుల హెల్త్ కార్డు వాళ్లు, చేతి డబ్బు కట్టేవాళ్లు. స్కీములో ప్యాకేజీ సొమ్ము ముందే ఖాయం కాబట్టి వృథా అయిన మందు ఆసుపత్రి నెత్తిన పడుతుంది. చేతి డబ్బు కట్టే చోట అది పేషెంటు నెత్తిన పడుతుంది. అందుకే పొదుపు మీద యాజమాన్యానికి మొదటి రకం దగ్గర ఉన్నంత శ్రద్ధ మూడో రకం దగ్గర ఉండదు. ఇందులో దాచడానికి ఏమీ లేదు, లెక్కల తీరే అంత.

కేసు

పేషెంటు 50 దాటిన గృహిణి, పక్క జిల్లా నుంచి వస్తారు. ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను. రొమ్ము క్యాన్సర్, హెర్2 పాజిటివ్ (ట్రాస్టుజుమాబ్ పనిచేసే రకం), ఆపరేషన్ అయింది. బరువు 56 కిలోలు. ఎకోలో (గుండె స్కాన్) ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండె ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు బయటికి పంపే రక్తం వాటా, 62 శాతం. కొడుకు కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది గానీ దాని పరిమితి ఆపరేషన్‌కి, కీమోకి సరిపోయింది. ఇక ట్రాస్టుజుమాబ్ మొత్తం చేతి డబ్బుతోనే. డాక్టరు గారు రాసింది 17 డోసులు: మొదటిది కిలోకి 8 మి.గ్రా., తర్వాత మూడు వారాలకోసారి కిలోకి 6 మి.గ్రా.

ఈ మందు రేటు ఒకప్పటిలా లేదు. 2014 జనవరిలో బయోకాన్ వాళ్ల బయోసిమిలర్ (అసలు మందుకి దగ్గరి పోలికతో చేసిన రూపం) కాన్‌మాబ్ వచ్చినప్పుడు 440 వయల్ ఎంఆర్‌పీ 57,500 రూపాయలు, అదే అప్పటికి పెద్ద తగ్గింపు. ఆ తర్వాత మన హైదరాబాద్ హెటెరోతో సహా పోటీ పెరిగింది. 2019 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ 42 క్యాన్సర్ మందులకు ట్రేడ్ మార్జిన్ (అమ్మకందార్ల లాభం) 30 శాతం మించకూడదంది. 2025 సెప్టెంబరు 22 నుంచి మందుల మీద జీఎస్టీ కూడా తగ్గింది. అయినా మధ్యతరగతి ఇంట్లో 17 వయల్స్ అంటే ఇప్పటికీ టెన్షనే.

బిల్లు కట్టేటప్పుడు కొడుకు అడిగాడు: "మేడమ్, అమ్మకి 336 అని రాశారు, వయల్ 440 కదా. మిగతాది ఏం చేస్తారు?"

ఈ ప్రశ్నకి ఆసుపత్రుల్లో మూడు రకాల జవాబులు వినిపిస్తాయి. పారేస్తాం అనేది ఒకటి. ఇంటికి తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టుకుని వచ్చేసారి తీసుకురండి అనేది రెండోది. మూడోది పైకి చెప్పరు: మిగిలింది ఇంకొకరికి ఎక్కించి, వాళ్లకీ పూర్తి వయల్ బిల్లు వేస్తారు. ఒకే మందుకి ఇద్దరి దగ్గర డబ్బు తీసుకోవడాన్ని "వయల్ షేరింగ్" అని పిలిచినా నా దృష్టిలో అది దొంగతనమే.

ఇంటికి పంపడం గురించి కూడా ఒక మాట. థర్మాస్‌లో ఐసు ముక్కల మధ్య దిగేసిన వయల్‌ని, దాన్ని పట్టుకుని నాలుగు గంటలు బస్సులో వచ్చిన మనిషిని నేను చూశాను. ఐసుకి ఆనుకుంటే మందు గడ్డకట్టొచ్చు. ఈ మందు యాంటీబాడీ, అంటే ఒక ప్రోటీన్. గడ్డకట్టింది కరిగాక చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది, కానీ లోపల ప్రోటీన్ ముద్దకట్టి ఉండొచ్చు. కంటితో కనిపెట్టే మార్గం లేదు. ఇంటి ఫ్రిజ్ తలుపు అరలో, పెరుగు గిన్నె పక్కన, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందని ఎవరు హామీ ఇస్తారు?

440ని విడగొట్టిన తీరు

ఈ వయల్‌కి ఒక సౌకర్యం ఉంది, చాలామంది వాడుకోరు. పెట్టెలోనే 20 మి.లీ. బాక్టీరియోస్టాటిక్ వాటర్ (బ్యాక్టీరియా పెరగనివ్వని నీళ్లు) సీసా వస్తుంది, అందులో 1.1 శాతం బెంజైల్ ఆల్కహాల్ ఉంటుంది. వయల్‌లోని పొడిని ఆ నీళ్లతో కలిపితే మి.లీ.కి 21 మి.గ్రా. చొప్పున తయారైన మందు 2–8 డిగ్రీల్లో 28 రోజులు నిలుస్తుంది. మామూలు స్టెరైల్ వాటర్‌తో కలిపితే ఆ 28 రోజులు పోయినట్టే. వెంటనే వాడేసి మిగిలింది పారేయాలి. బెంజైల్ ఆల్కహాల్ పడనివాళ్లకి తప్ప మేం ఆ పని చేయం. హుడ్‌లో (శుభ్రమైన గాలి ఆడే క్యాబినెట్) కలిపే ఫార్మసిస్టు పెట్టెలో సీసా పక్కనపెట్టి అలవాటుగా చేతికందిన స్టెరైల్ వాటర్ తీసుకుంటే, తేడా తెలిసేది ఎవరికి? అందుకే ఏ నీళ్లతో కలిపారో వయల్ లేబుల్ మీద రాయాలని పెట్టాం.

ఇక లెక్క. మొదటి డోసు 56 × 8 = 448. వయల్‌లో ఉన్నది 440, తేడా రెండు శాతం కూడా లేదు. తర్వాతి డోసు 336. దాన్ని 330 చేస్తే మళ్లీ రెండు శాతం లోపే. అమెరికాలోని క్యాన్సర్ ఫార్మసిస్టుల సంఘం హోపా 2018 సిఫార్సుల్లో ఇలాంటి యాంటీబాడీ మందులకి 10 శాతం లోపు సర్దుబాటు చేసుకోవచ్చంది. మాకు ఆంకాలజిస్టు సంతకం లేకుండా ఒక్క మి.గ్రా. కూడా సర్దే అధికారం లేదు. సంతకం చేయించుకున్నాం.

330 అయ్యాక లెక్క భలే కుదిరింది. మూడు వయల్స్ అంటే 1320, నాలుగు డోసులన్నా 1320. రెండో డోసుకి వయల్ తెరిచి 330 వాడితే 110 మిగులుతుంది. మూడోదానికి ఆ 110కి కొత్త వయల్ నుంచి 220 కలుస్తుంది. నాలుగోదానికి మిగిలిన 220కి ఇంకో కొత్త వయల్ నుంచి 110. ఐదోదానికి అందులో మిగిలిన 330 సరిగ్గా సరిపోతుంది. నాలుగు డోసులు, మూడు వయల్స్. ప్రతి వయల్‌నీ రెండుసార్లే తెరుస్తాం, రెండోసారి తెరిచేది 21వ రోజున. గడువు 28 రోజులు కాబట్టి వారం వెసులుబాటు.

కాగితం మీద లెక్క ఇది. సిరంజిలో 330 అంటే 15.7 మి.లీ., 110 అంటే 5.2 మి.లీ. వయల్ మెడలో, సూదిలో కొంచెం చిక్కుకుంటుంది. అందుకే వయల్‌లో మిగిలిన చివరి మందు వాడే డోసుల దగ్గర కొన్ని మి.గ్రా. తగ్గొచ్చని ముందే డాక్టరుకి చెప్పి ఉంచాం, 10 శాతం గీత దాటకుండా చూసుకున్నాం.

150 మి.గ్రా. వయల్స్ చౌక పడతాయేమో అని కూడా చూశాం. 330కి మూడు తెరవాలి, 120 వృథా. వాటిని కలిపేది మామూలు స్టెరైల్ వాటర్‌తో, కలిపాక 24 గంటలే ఆయుష్షు. ఈ బరువుకి అవి పనికిరావు. వేరే బరువుకి లెక్క వేరేగా ఉండొచ్చు; ఎవరికి వాళ్లే వేసుకోవాలి.

కలిపే పద్ధతి గురించి కొత్తగా చేరినవాళ్లకి నేను పక్కన నిలబడి చూపించేది ఇదే. నీళ్లు నెమ్మదిగా, పొడి మీద పడేలా వదలాలి. వయల్‌ని గుండ్రంగా తిప్పాలి, కుదపకూడదు. నురగ లేస్తే ఐదు నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయాలి. నురగతో సిరంజిలోకి లాగితే డోసు తప్పుతుంది. ఎక్కించేది 250 మి.లీ. నార్మల్ సెలైన్‌లోనే, డెక్స్‌ట్రోజ్‌లో అసలు కలపకూడదు.

మిగిలిన వయల్ మీద పేషెంటు పేరు, ఆసుపత్రి నంబరు, తెరిచిన తేదీ, 28వ రోజు తేదీ, మిగిలిన మి.లీ., బ్రాండు, బ్యాచ్. మొదట్లో "తెరిచిన తేదీ" ఒక్కటే రాసేవాళ్లు; అర్జెంటులో వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం ఎందుకని గడువు తేదీనే ఎర్ర ఇంకుతో వేయిస్తున్నాం. ఇంకో నియమం: రెండు వయల్స్ కలిసే డోసులో రెండూ ఒకే బ్రాండు కావాలి, కేస్ షీట్‌లో రెండు బ్యాచ్ నంబర్లూ ఉండాలి. అందుకని ఈ పేషెంటుకి మధ్యలో స్టాకిస్ట్ వేరే బ్రాండు తక్కువకి ఇస్తానన్నా మార్చలేదు. స్టోర్స్‌లో దానికి కొంచెం గొడవ అయింది.

పక్క అరలోనే ట్రాస్టుజుమాబ్ ఎమ్టాన్సిన్ ఉంటుంది. పేరులో సగం ఒకటే, మందు వేరు, డోసు కిలోకి 3.6 మి.గ్రా. దాన్ని వేరే ట్రేలో, వేరే రంగు స్టిక్కరుతో, తాళం వేసి పెడతాం. ఇది డబ్బు సంగతి కాదు, ప్రాణం సంగతి.

కుర్చీలో కూర్చున్నాకే

ఇంత లెక్కా ఒక్క పొరపాటుతో పోతుంది: పేషెంటు రాకముందే మందు కలపడం. పొద్దున్నే రద్దీ తగ్గించుకోవాలని డే కేర్ సిస్టర్లు ముందురోజు లిస్టు చూసి "మేడమ్, కలిపేయండి" అంటారు. ఆ మనిషి జ్వరంతో వస్తే? బరువు నాలుగు కిలోలు తగ్గి ఉంటే? బస్సు తప్పిపోతే? మా దగ్గర ఇప్పుడు నియమం ఒకటే. పేషెంటు వచ్చి, బరువు చూసి, ఆ రోజు రిపోర్టులు డాక్టరు చూసి సంతకం పెట్టి, కుర్చీలో కూర్చుని, క్యాన్యులా పడ్డాక సిస్టర్ ఫోన్ చేస్తారు. అప్పుడే వయల్ ఫ్రిజ్ నుంచి బయటికి వస్తుంది. పేషెంటు ఓ ముప్పావు గంట ఎక్కువ కూర్చోవాలి, అటెండెంట్లు విసుక్కుంటారు. విసుగుని భరించొచ్చు, కలిపి పారేసిన బ్యాగుని భరించలేం.

ఈ కేసులో అసలు పనికొచ్చిన ఆలోచన ఎకో తేదీది. ట్రాస్టుజుమాబ్ గుండెని బలహీనపరచొచ్చు కాబట్టి అది నడుస్తున్నంతకాలం మూడు నెలలకోసారి గుండె చూడాలి. మా నాలుగు డోసుల చుట్టు కూడా 12 వారాలే. అందుకని ఎకోని చుట్టు పూర్తయ్యాక, కొత్త వయల్ తెరవకముందు పెట్టించాం. ఆ సమయానికి ఫ్రిజ్‌లో ఆమె పేరుతో సగం వయల్ ఏదీ ఉండదు. ఏదైనా కారణంతో మందు ఆపాల్సి వచ్చినా పోయేది ఏమీ లేదు.

ఆపాల్సి వచ్చింది కూడా. మొదటి చుట్టులో ఇంట్లో పెళ్లి పనుల వల్ల ఒకసారి 25వ రోజున వచ్చారు, ఇబ్బంది లేదు. రెండో చుట్టు అయ్యాక, అంటే తొమ్మిదో డోసు తర్వాత, ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ 49 శాతానికి దిగింది. ఊపిరాడకపోవడం, కాళ్ల వాపు ఏమీ లేవు. అయినా మొదటి విలువ కంటే 10 పాయింట్లకు మించి తగ్గి, మామూలు హద్దుకి కింద ఉంది కాబట్టి కనీసం నాలుగు వారాలు ఆపమని మందు పెట్టెలో వచ్చే కాగితమే చెబుతుంది. గుండె డాక్టరు మాత్రలు మొదలుపెట్టారు, ఆరు వారాలకి 56 శాతానికి వచ్చింది, తిరిగి మొదలుపెట్టాం.

అప్పటికి గ్యాప్ ఎక్కువైంది. అనుకున్న రోజు దాటి వారం కంటే ఆలస్యమైతే మళ్లీ కిలోకి 8 మి.గ్రా. లోడింగ్ డోసు (మొదటిసారి ఇచ్చే పెద్ద డోసు) ఇవ్వాలి. 21 రోజులు, పైన ఏడు రోజులు, మొత్తం 28. వయల్ గడువూ సరిగ్గా అంతే. కాబట్టి ఆలస్యంగా వచ్చే పేషెంటుకి నేను ఫోన్‌లో చెప్పేది ఒకే తేదీ: ఆ రోజు దాటితే మిగిలిన మందూ పోతుంది, మళ్లీ పూర్తి వయల్ డోసూ పడుతుంది. "ఎప్పుడు వీలైతే అప్పుడు రండమ్మా" అనే మాట డే కేర్‌లో నిషేధించాలి.

ఇదే పద్ధతి అన్నిటికీ కుదరదు

నివోలుమాబ్ అనే ఇంకో క్యాన్సర్ యాంటీబాడీలో బెంజైల్ ఆల్కహాల్ లాంటి నిలవ ఉంచే పదార్థం ఉండదు. తల, మెడ క్యాన్సర్లలో ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్లు నోటి మందులకి తోడు మూడు వారాలకోసారి కేవలం 20 మి.గ్రా. నివోలుమాబ్ ఇచ్చి చూశారు. 2022లో వచ్చిన ఆ ఫలితాల్లో ఏడాదికి బతికున్నవాళ్లు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. గుట్కా, చుట్ట, శ్రీకాకుళం వైపు అడ్డపొగ (నిప్పున్న కొస నోట్లో పెట్టి తాగడం) ఉన్న మన జిల్లాలకి ఇది చిన్న విషయం కాదు. చిన్న వయల్ 40 మి.గ్రా., అంటే ఇద్దరికి ఒకటి, చెరో 2 మి.లీ. ఒకరికే తెరిస్తే సగం డ్రైనేజీలోకి.

అందుకని 20 మి.గ్రా. వాళ్లందరినీ ఒకే వారం రోజుకి జరిపాం. బిల్లు అర వయల్‌కే వేస్తాం. సాఫ్ట్‌వేర్‌లో పరిమాణం 0.5 తీసుకునేలా మార్పించడానికే ఎక్కువ సమయం పట్టింది, వైద్యం కంటే. ఒకే వయల్ పంచుకునే ఇద్దరిలో ఒకరు రాకపోతే? రెండో బ్యాగు కూడా అప్పుడే కలిపేసి ఫ్రిజ్‌లో పెడతాం, 24 గంటలు చూస్తాం, మర్నాటికి రమ్మని ఫోన్ చేస్తాం. రాకపోతే ఆ అర వయల్ ఆసుపత్రి ఖాతాలో పడుతుంది, వచ్చినవాళ్ల మీద వేయం. కుర్చీలో కూర్చున్నాకే కలపాలన్న నియమానికి ఇదొక్కటే మినహాయింపు.

మైలోమా (ఎముక మజ్జ క్యాన్సర్) మందు బోర్టెజోమిబ్‌కి జవాబు ఇంకా సులువు, కొనేటప్పుడే ఉంది. 3.5 మి.గ్రా. వయల్ ఒక్కటే పెట్టుకుంటే శరీర ఉపరితలం 1.5 చదరపు మీటర్లున్న మనిషికి 1.95 మి.గ్రా. వాడి మిగతాది పారేయాలి. కలిపాక దాని ఆయుష్షు 8 గంటలే. మన దగ్గర 2 మి.గ్రా. వయల్ దొరుకుతుంది. అది స్టాకులో పెట్టుకుంటే చాలు.

ఖాళీ వయల్స్

మిగిలిన మందు గురించి ఇంత చెప్పి ఖాళీ వయల్ గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. 2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న ముఠా గుర్తుండే ఉంటుంది. ఖరీదైన క్యాన్సర్ ఇంజెక్షన్ల ఖాళీ వయల్స్ సంపాదించి, వాటిలో ఫంగస్ మందు ఫ్లూకొనజోల్ నింపి అమ్మారని పోలీసులు చెప్పారు. అరెస్టయినవాళ్లలో ఆసుపత్రి ఫార్మసిస్టులు కూడా ఉన్నారు. అంటే ఖాళీ వయల్‌కి బజారులో ధర ఉంది. ధర ఉన్న వస్తువుని చెత్తబుట్టలో వదిలేస్తామా?

మా దగ్గర వయల్ ఖాళీ కాగానే లేబుల్ స్టిక్కరు ఊడదీసి పేషెంటు కేస్ షీట్‌లో అతికిస్తాం. ఊడిరాకపోతే పర్మనెంట్ మార్కర్‌తో అడ్డంగా కొట్టేస్తాం. హుడ్ పక్కనున్న పసుపు రంగు సైటోటాక్సిక్ (కణాల్ని చంపే మందుల) సంచిలో వేసి, రోజు చివర ఇద్దరం లెక్కపెట్టి సంతకం చేస్తాం: తెరిచినవి ఎన్ని, సంచిలో ఎన్ని, ఫ్రిజ్‌లో సగం ఉన్నవి ఎన్ని. ఈ మూడూ కలవాలి. 2016 బయోమెడికల్ వేస్ట్ నియమాల ప్రకారం సైటోటాక్సిక్ వ్యర్థాలు 1200 డిగ్రీలకు పైన కాల్చాల్సినవి. ట్రాస్టుజుమాబ్ లాంటివి ఆ కోవలోకి రావని వాదించొచ్చు. మేం మాత్రం అన్నీ అందులోనే వేస్తాం.

ఇక్కడో చిక్కు ఉంది. మెడికల్ రీయింబర్స్‌మెంట్‌కి కొన్ని ఆఫీసులు ఖాళీ డబ్బాలు, వయల్స్ తెమ్మంటాయి. పేషెంటు అడిగితే అట్టపెట్టెని మార్కర్‌తో కొట్టేసి ఇస్తాం, బ్యాచ్ నంబర్లతో ఉత్తరం రాసిస్తాం. వయల్ మాత్రం ఇవ్వం. ఒకాయన దీనికోసం సూపరింటెండెంట్ దాకా వెళ్లారు. బయట కొని తెచ్చిన ఇంజెక్షన్లూ ఇదే కారణంతో మానేశాం. బిల్లు, బ్యాచ్, చల్లగా వచ్చిన దాఖలా మూడూ లేకుండా ఎక్కించం.

చివరి వయల్

తిరిగి మన పేషెంటు. పదో డోసుగా మళ్లీ 440 పడింది. 11 నుంచి 14 వరకు మూడు వయల్స్‌తో ఇంకో చుట్టు. మిగిలినవి మూడు డోసులు, ఇక్కడ లెక్క కుదరదు: 15, 16, 17కి మూడు వయల్స్ పట్టాల్సిందే. మొత్తం 14 వయల్స్ అయ్యాయి, డోసుకొకటి చొప్పున అయితే 17. ఎకో వల్ల ఆగకపోయి ఉంటే 13కే అయ్యేది.

17వ డోసు నాడు కొత్త వయల్ నుంచి తీసింది 110 మాత్రమే. 330 మి.గ్రా., అంటే 55 కిలోల మనిషికి ఒక పూర్తి డోసు, ఆమె పేరుతో ఫ్రిజ్‌లో ఉండిపోయింది. మొదట్లో ప్రశ్న అడిగిన కొడుకే ఈసారి, "ఎవరికైనా ఇచ్చేయొచ్చు కదా మేడమ్" అన్నాడు.

దాన్ని నా అంతట నేను తేల్చకూడదని ఫార్మసీ కమిటీకి పెట్టాను. వాళ్లు మూడు షరతులతో ఒప్పుకున్నారు: వయల్ మా ఫ్రిజ్ దాటి బయటికి వెళ్లి ఉండకూడదు, ఇచ్చేవాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, తీసుకునేవాళ్లు అదే బ్రాండు మీద ఉండి చేతి డబ్బు కట్టే పేషెంటై ఉండాలి. స్కీము పేషెంటుకి ఇస్తే లాభం ప్యాకేజీ తీసుకున్న ఆసుపత్రికి పోతుంది కాబట్టి ఆ చివరి షరతు నేనే అడిగి పెట్టించాను. గడువులోపు సరిపోయే మనిషి దొరికారు. ఇచ్చినవాళ్ల పేరు వాళ్లకి గానీ, వాళ్ల పేరు వీళ్లకి గానీ చెప్పలేదు.

బిల్లింగ్ దగ్గర ఆగింది. మందు ధర సున్నా వేస్తే సాఫ్ట్‌వేర్ ఆ లైనునే తీసేస్తోంది, లైను పోతే బ్యాచ్ నంబరు కూడా పోతుంది. చివరికి మిక్సింగ్ చార్జీ లైను కింద బ్యాచ్ నంబరు, తెరిచిన తేదీ, "దానం" అన్న మాట చేత్తో రాసి స్టాంపు వేశాం. ఇలాంటివాటికి వేరే కోడ్ కావాలని ఐటీ వాళ్లకి రాసిపెట్టాం, ఇంకా రాలేదు.